కోతి తాత కాదు, దాయాది
(అధ్యక్షోపన్యాసం)



ఏడాది పొడుగునా వచ్చిన శాస్త్రగ్రంథాలను అధ్యక్షుడు సమీక్షించడం ఇలాంటి సభల్లో ఆనవాయితీ. ఆ పని రేపటి గోష్ఠుల్లో నాకంటే బాగా చేయగలవాళ్ళు ఉన్నారు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు జంతుశాస్త్రం పాఠం చెప్పాను. ఆ ముప్పై ఎనిమిదేళ్ళూ ఒకే ఒక్క వాక్యంతో పోట్లాడాను. ఈ పూట మీ ముందు పెట్టేది ఆ పోట్లాటనే. ఆ వాక్యం మీ అందరికీ తెలుసు: "కోతి నుంచి మనిషి పుట్టాడు."

డార్విన్ ఈ మాట అనలేదు. 1859 నాటి గ్రంథంలో ఆయన మనిషి పుట్టుక జోలికి దాదాపు పోలేదు, చివర్లో ఒక చిన్న సూచనతో సరిపెట్టాడు. 1871లో మనిషి గురించి విడిగా రాసినప్పుడు, ఆఫ్రికాలోని గొరిల్లా, చింపాంజీ మనకు దగ్గరివి కాబట్టి మన తొలి పూర్వీకులు కూడా బహుశా అక్కడివారే అయి ఉంటారన్నాడు. అప్పటికి ఆఫ్రికాలో అలాంటి శిలాజం ఒక్కటీ దొరకలేదు. 1924లో దక్షిణాఫ్రికాలోని టౌంగ్‌లో అలాంటి జీవి పసిబిడ్డ పుర్రె ఒకటి బయటపడింది. మరుసటి ఏడు రేమండ్ డార్ట్ దాన్ని ప్రకటిస్తే పెద్దలు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇదంతా మీకు తెలిసిందే. గుడి గోపురం మీద తిరిగే కోతి మన తాత అని ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పలేదు. చెప్పింది మన తెలుగు వాక్యం.

ఎందుకు చెప్పింది? గొరిల్లా, చింపాంజీ లాంటివాటిని ఇంగ్లీషులో ఏప్ అంటారు. ఆ ఏప్‌కు మనకు మాట లేదు. మన పూర్వులు చూసినవి కోతి, కొండముచ్చు. రెండింటికీ తోకలున్నాయి. తోకలేని ఏప్ మన దేశంలో ఉన్నది ఈశాన్యపు అడవుల్లోనే, హూలాక్ గిబ్బన్. గోదావరి, కృష్ణ, పెన్న ఒడ్డున బతికినవాడు దాన్ని చూడలేదు, పేరు పెట్టలేదు. అందుకని ఏప్ అన్నచోటల్లా మనవాళ్ళు కోతి అని రాశారు. దాంతో చింపాంజీ, గొరిల్లా, గోడ మీద కూర్చుని కొబ్బరిచిప్ప గీక్కుతినే కోతి, అన్నీ ఒకటైపోయాయి. నిజానికి ఆ గోడ మీది కోతి మనకెంత దూరమో చింపాంజీకీ అంతే దూరం. అంతకంటే పెద్ద విషయం, చింపాంజీ గొరిల్లాకంటే మనిషికే దగ్గరి చుట్టం.

ఒకప్పుడు ఒక పారిభాషిక పదాల సంఘంలో కూర్చున్నాను. ఏప్‌ను తెలుగు లిపిలో ఏప్ అనే ఉంచుదామని, బస్సునూ రైలునూ అలాగే కదా తెచ్చుకున్నామని మొత్తుకున్నాను. సంస్కృతాభిమానులు "నరవానరం" అన్నారు. సగం నరుడు, సగం వానరం! మనం తుడిచేయాలనుకున్న అపోహనే ఒక సమాసంగా కుట్టి పిల్లల చేతికిచ్చాం. ఆ రోజు నేను ఓడిపోయాను. ఆ మాట పుస్తకాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

"పరిణామం" అన్న మాట చేసిన చెరుపూ తక్కువ కాదు. పత్రికలో అది తాజా సంగతి, వేదాంతులకు పాలు పెరుగు కావడం. ఉన్న గిన్నెలో, ఉన్న పాలే తోడుకుంటాయి. ఆ ఊహతో విన్న పిల్లవాడికి ఒక కోతి మెల్లగా మనిషిగా తోడుకున్నట్టు కనిపిస్తుంది. 2018 జనవరిలో ఒక కేంద్రమంత్రి, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ చెప్పింది తప్పు అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండన ప్రకటన ఇచ్చాయి. ఖండించడం మంచిదే. కానీ ఆ మంత్రిగారి మనసులో ఉన్నది పాలూ పెరుగూ బొమ్మే. ఆ బొమ్మను తరగతి గదుల్లో గీసిన చేతులు మనవి.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఇంటర్ చదివే ఒక కుర్రాడి తాతగారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. పౌరోహిత్యం చేసే మనిషి. అరుగు మీద కూర్చుని, భుజం మీది కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని అడిగారు: "మేష్టారూ, మావాడికి కోతి మా తాత అని చెప్పారటగా. హనుమంతుడికి రోజూ దణ్ణం పెడతాను. అయినా ఈ మాట నాకు మింగుడు పడలేదు." నేను లోపలికెళ్ళి సుద్దముక్క తెచ్చి అరుగు మీదే గీశాను. కింద ఒక గీత, అది రెండుగా చీలింది. ఒక కొమ్మ చివర మనం, రెండో కొమ్మ చివర చింపాంజీ. అంతకుముందే విడిపోయిన కొమ్మ గొరిల్లా. ఇంకా ఎంతో కింద, సుమారు రెండున్నర మూడు కోట్ల ఏళ్ళ కిందట విడిపోయిన కొమ్మ మీద మన ఊరి కోతి.

ఆయన చాలాసేపు చూశారు. చీలిక దగ్గర వేలు పెట్టి, "అయితే ఇక్కడున్నవాడు మూలపురుషుడన్నమాట. వీళ్ళిద్దరూ దాయాదులు" అన్నారు. "ఎన్ని తరాలు?" అని అడిగారు. అరవై డెబ్భై లక్షల ఏళ్ళు, తరానికి పాతికేళ్ళు వేసుకుంటే సుమారు రెండున్నర లక్షల తరాలు అన్నాను. "ఏడు తరాల దాకా పది రోజుల మైల. తరాలు పెరిగినకొద్దీ మైల తగ్గుతుంది. ఆఖరికి స్నానంతో పోతుంది. గోత్రం మాత్రం పోదు" అని లేచారు. నమ్మానని చెప్పలేదు. సృష్టి భగవంతుడిదేనని గట్టిగా చెప్పే వెళ్ళారు. కానీ ఆ తర్వాత మనవణ్ణి నా పాఠానికి రానివ్వకుండా ఆపలేదు.

ఉమ్మడి పూర్వీకుడి కోసం నేను నిఘంటువులన్నీ వెతికాను. అక్షరం పొల్లుపోకుండా సరిపోయే మాట ఆయన నోట్లో ఉంది. మూలపురుషుడు, దాయాది. వాటి వెంటే వాటా, పంపకం. ఒక తాత బిడ్డలు విడిపోయి, ఎవరి దారిన వాళ్ళు బతికి, పోలికలు మాత్రం మిగుల్చుకోవడం ఏ తెలుగు పల్లెకు కొత్త? ఇంత కచ్చితమైన బంధుత్వపు మాటలున్న భాషలో కోతి తాత అని రాయడం మన బద్ధకం.

ఆ మాటలతోనే జన్యువులను కూడా చెప్పవచ్చు. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకు 46. రెండు మళ్ళ మధ్య గట్టు తీసేసి ఒక్కటిగా దున్నినట్టు, మన వంశంలో రెండు క్రోమోజోములు అతుక్కుని మన రెండో క్రోమోజోము అయ్యాయి. గట్టు ఆనవాలు ఆ అతుకు దగ్గర ఇప్పటికీ ఉంది. ఒంట్లో విటమిన్ సి తయారుచేసుకునే జన్యువు మనకు చెడిపోయింది. ఏప్‌లకూ కోతులకూ కూడా చెడిపోయింది. పంపకంలో ఆస్తితోపాటు పాత అప్పు కూడా దాయాదులందరికీ వచ్చినట్టు వచ్చింది.

మతం పెట్టే అభ్యంతరాల దగ్గరికి వస్తాను. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ పక్షాన నిలిచిన హక్స్‌లీకీ బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ జరిగిన వాదన, 1925లో టెనెసీలోని డేటన్‌లో స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి వేసిన వంద డాలర్ల జరిమానా, 2005లో అమెరికాలోనే డోవర్ కేసు తీర్పు, మన వ్యాసాల్లో మళ్ళీమళ్ళీ వస్తాయి. అవి చెప్పి మన పని అయిపోయిందనుకుంటున్నాం. అక్కడి తగాదా బైబిల్ సృష్టికథతో, భూమి వయసుతో. పోప్ రెండో జాన్ పాల్ 1996లోనే పరిణామం ఉత్త ఊహ కాదని ఒప్పుకున్నారు. కల్పానికి 432 కోట్ల ఏళ్ళు లెక్కగట్టిన మనకు కాలం ఒక అడ్డంకే కాదు. మన దగ్గర అభ్యంతరం ఎదురుతిరిగి రాదు, కౌగిలించుకుని వస్తుంది. "ఇదంతా మన దశావతారాల్లో ఉంది" అంటుంది. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద దశావతారాలు డార్విన్ సిద్ధాంతంకంటే మెరుగు అన్నది మన రాష్ట్రపు ఉపకులపతి ఒకరే. నేను ఆ రోజు తలెత్తుకోలేకపోయాను.

అవతారం అంటే దిగిరావడం. ఒకే దేవుడు పదిసార్లు దిగివచ్చాడు. అక్కడ ఒక అవతారం కడుపున ఇంకో అవతారం పుట్టలేదు, తరం లేదు, మార్పు పోగుపడడం లేదు. ముందు చేప, తర్వాత వరాహం అన్న వరుసే ఆధారమంటారా, భాగవతం ప్రథమ స్కంధంలోని వరుస చూడండి. వరాహం రెండోది, మత్స్యం పదోది. తెల్లవార్లూ భాగవతం చదివిన మన తాతముత్తాతల్లో ఒక్కరికీ అందులో జీవపరిణామం కనబడలేదు. 1877లో దివ్యజ్ఞాన సమాజపు బ్లావట్‌స్కీ లాంటివాళ్ళు డార్విన్‌ను చదివాక ఆ పోలిక తెచ్చారు. దాన్ని ప్రాచీన విజ్ఞానమని ఇప్పుడు అమ్ముతున్నవాళ్ళు భాగవతానికీ అన్యాయం చేస్తున్నారు, శాస్త్రానికీ అన్యాయం చేస్తున్నారు.

హేతువాద మిత్రులకూ ఒక మాట. "నీ తాత కోతిరా" అని భక్తుడి మీద విసిరిన ప్రతి వేదికా ఆ భక్తుడి పిల్లల్ని మనకు దూరం చేసింది. మీరు నాకు నచ్చిన మనుషులు. అందుకే నిష్ఠూరంగా చెబుతున్నాను.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ సంతకాలు చేశారు. ఆ పుస్తకం చదివి ఇంటర్‌లో ఎంపీసీలో చేరే పిల్లవాడు తన జీవితంలో ఇక ఎక్కడా ఈ పాఠం చదవడు. వాడికి మిగిలేది వాట్సాప్, మనం రాసే తెలుగు పుస్తకం. మన పుస్తకం ఎంత ముఖ్యమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆ పుస్తకంలో మన నేల కథ కూడా ఉండాలి. కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు ఎంతమంది వెళ్ళారో చేతులెత్తండి. తక్కువే. పైకప్పు కూలిన సున్నపురాయి లోయలోకి దిగితే చుట్టూ గుహల నోళ్ళు కనిపిస్తాయి. లోపల గబ్బిలాల వాసన, కాలికింద ఎర్రమట్టి. ఇందాక చెప్పిన ఆక్స్‌ఫర్డ్ వాదనలోని హక్స్‌లీయే, ఆదిమానవుడి ఎముకలు ఇక్కడ దొరకవచ్చని మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. 1883–85 మధ్య భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు ఈ మట్టిని తవ్వారు. మనిషి ఎముక దొరకలేదు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి, ఎముకతో చేసిన పనిముట్లని ఫూట్ గుర్తించినవి దొరికాయి. ఆ దగ్గర్లోనే జ్వాలాపురంలో 74,000 ఏళ్ళ కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ప్రపంచమంతా దాని గురించి చదివింది. మానవ చరిత్ర తొలి పుటల్లో కొన్ని కర్నూలు సీమలో ఉంటే, మన పిల్లలకు ఈ ఊళ్ళ పేర్లు కూడా తెలియవు. ఈ రెండు చోట్ల గురించి పదో తరగతి పిల్లవాడు చదవగలిగే తెలుగు పుస్తకం ఒక్కటి నా చేతికి రాలేదు. ఈ సభలో ఉన్న యువకుల్లో ఎవరైనా ఆ పని తలకెత్తుకుంటే నా దగ్గరున్న నోట్సు, ఫొటోలు అన్నీ ఇచ్చేస్తాను.

రేపు ఉదయం మొదటి గోష్ఠి పాఠ్యపుస్తకాల మీద. అందులో ఒక తీర్మానం పెడుతున్నాను: ఇకమీదట మనం రాసే ఏ పుస్తకంలోనూ "కోతి నుంచి మనిషి" అన్న వాక్యం ఉండదు. చింపాంజీ మన దాయాది అని రాస్తాం, మన ఇద్దరికీ ఒక మూలపురుషుడు ఉన్నాడని రాస్తాం. మొదటి సంతకం నేను చేశాను. కాగితం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది, వెళ్ళేటప్పుడు మీరూ చేసి వెళ్ళండి.