ఆడబాతు ఏది? మగబాతు ఏది?

(మెదక్ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫైలు చూడకుండా నోటు రాయకూడదని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నలుగురికీ చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక నేనే ఆ తప్పు చేశాను.

మా వీధిలో స్వర్గస్థుడైన మిత్రుని సతీమణి ఉన్నారు. నాకు వదినమ్మ వరుస. ఫ్యామిలీ పెన్షన్‌కు తోడు మందుల ఖర్చుకు ఆసరా అవుతుందని అయిదు తెల్లబాతులను పెంచుకున్నారు. రోజుకు మూడు గుడ్ల దాకా వచ్చేవి. ఒకనాడు ఆమె, "మరిదీ, దాణా ఖర్చు ఎక్కువైతున్నది. మగవాటిని అమ్ముదాం, ఏవో జర చెప్పు" అన్నారు. అన్నీ ఒకే రంగు. వాటిలో రెండు వీధంతా వినపడేలా అరుస్తున్నాయి. కోళ్లలో కూసేది పుంజే కదా అనుకుని, "ఆ రెండే మగవి" అని తీర్పు చెప్పాను. వాటిని అంగడిలో అమ్మేశారు. మర్నాటి నుంచి ఒక్క గుడ్డే. "పెట్టేటివే పోయినయ్ మరిదీ" అన్నారు, అంతే. ఆ పైన ఒక్క మాట అనలేదు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

వరికోతలయ్యాక ఘనపురం ఆనకట్ట కింది మళ్లలో బాతుల మందను మేపుతున్న ఒకాయనను అడిగాను. నవ్వి, రెండింటిని పట్టి చూపించాడు. ఆ తర్వాత తెలుసుకున్నవి కూడా కలిపి మనవి చేస్తాను.

మొదటి గుర్తు గొంతు. బాతుల్లో వ్యవహారం కోళ్లకు తలకిందులు. 'క్వాక్ క్వాక్' అని గట్టిగా అరిచేది ఆడది. మగది జలుబు చేసినట్టు బొంగురుగా, మెల్లగా పలుకుతుంది. దాని గాలిగొట్టం చీలే చోట ఎముక బుడగ ఒకటి ఉంటుంది, ఆడదానికి ఉండదు. పిల్లలు రెండు నెలల వయసుకు వచ్చేసరికి ఈ తేడా తెలిసిపోతుంది. అంతకు ముందు అన్నీ కీచుమనేవే.

రెండవది తోక. ఎదిగిన మగబాతుకు తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి మెలితిరిగి ఉంటాయి. అయితే ఈకలు రాల్చే కాలంలో అవీ రాలిపోవచ్చు. కనుక మెలిక లేనంత మాత్రాన ఆడదని అనరాదు.

మూడవది రంగు. ఖాకీ క్యాంప్‌బెల్ జాతిలో మగదాని తల పచ్చ ఛాయతో మెరుస్తుంది. తెల్లబాతుల్లో రంగు పనికిరాదు.

మస్కోవీ బాతుల లెక్క వేరు. వాటికి తోక మెలిక ఉండదు, పెద్దగా అరవవు. మగది ఆడదానికి దాదాపు రెండింతలు తూగుతుంది, ముఖం మీద ఎర్రటి కండ ఎక్కువ.

ఇంకొక మాట. గుడ్లు పెట్టడానికి మగబాతు అవసరం లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి.

ఆ కాపరి దగ్గరే బాగా అరిచే రెండింటిని కొని వదినమ్మ ఇంట్లో వదిలి వచ్చాను. మళ్లీ గుడ్లు వస్తున్నాయి. మన వయసుకు గౌరవమిచ్చి నలుగురూ సలహా అడుగుతారు. తెలియనప్పుడు "కనుక్కుని చెబుతాను" అంటే మన పెద్దరికానికి లోటేమీ రాదు.