మనవడు నేర్పిన దాగుడుమూతలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్రాంత జీవితంలో కాలక్షేపం" అన్న అంశంపై పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కిందటేడు ఇదే అంశంపై మాట్లాడిన మిత్రులు యోగాసనాల గురించి, అంతకు ముందేడు మాట్లాడినవారు తీర్థయాత్రల గురించి చక్కగా సెలవిచ్చారు. ఆసనాలకు నా మోకాళ్లు ఒప్పుకోవు. యాత్రలకు నా పింఛను ఒప్పుకోదు. అందుచేత నా మనవడు నాకు నేర్పిన ఒక ఆట గురించి మనవి చేస్తాను. దాని పేరు జియోకేషింగ్. ఈ మాట మా ఇంట్లో మొదటిసారి వినబడ్డప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "క్యాషా? ఎవరు దాచారండీ? ఎంత?" అని అడిగింది. ఇందులో క్యాష్ ఏమీ లేదు. కేష్ అంటే దాచిపెట్టిన సామాను అని అర్థమట.

ఆట ఇదీ. ఎవరో ఒకరు ఒక డబ్బాలో చిన్న నోటు పుస్తకం, పెన్సిలు, పిల్లలు ముచ్చటపడే నాలుగు వస్తువులు పెట్టి, స్థలం గలవారి అనుమతితో ఒకచోట దాచిపెడతారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ తెలియపరుస్తారు. కావలసినవారు సెల్‌ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి రావాలి. లోపలి వస్తువు తీసుకుంటే దానికి తగినది మరొకటి పెట్టాలి. నేల తవ్వకూడదు. తినుబండారాలు పెట్టకూడదు, చీమలూ ఉడతలూ చేరతాయి. ఆట తెలియని దారినపోయేవాళ్ల కంట పడకుండా పని కానివ్వాలి. అలాంటివాళ్లకు 'మగుల్స్' అని పేరు పెట్టారు. హారీ పాటర్ కథల్లో మంత్రం తెలియని మామూలు మనుషులను అలా అంటారని మా మనవడు చెప్పాడు.

దీని పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. అమెరికావారు తమ ఉపగ్రహ సంకేతాల్లో పౌరుల వాడకానికి కావాలని కలుపుతూ వచ్చిన తప్పును 2000 మే 2న తీసేశారు. అంతవరకు వంద మీటర్ల దాకా తేడా చూపే యంత్రం రాత్రికి రాత్రే గురి కుదిరింది. మర్నాడే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టులో పుస్తకాలు, ఒక పంగలకర్ర వగైరా పెట్టి, అడవి అంచున ఉంచి, ఆ చోటు లెక్క ప్రకటించాడు. అందులో ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉందట. తినుబండారాల నియమం అప్పటికి పుట్టలేదన్నమాట. ఇంగ్లాండులో డార్ట్‌మూర్ అనే బీడు నేలల్లో 1854లోనే ఒక సీసా పెట్టి, వచ్చినవాళ్లు తమ చీటీలు అందులో వేసి వెళ్లే అలవాటు ఉండేదని కూడా చదివాను. మన ఊళ్లలో ఇసుకను గట్టులా పోసి, అందులో పుల్ల దాచి, రెండు చేతులూ కలిపి మూసి ఊహించే ఆట మీరందరూ ఆడినవారే. నా ఉద్దేశంలో ఇదీ దాని బంధువే.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి ఒక్క ముక్క చెప్పక తప్పదు. నేను సర్వే, భూమి రికార్డుల శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే 2008లో పదవీ విరమణ చేశాను. రికార్డు గదిలో టిప్పన్లు, క్షేత్ర కొలతల పుస్తకాలు, గ్రామ పటాలు బయటికి తీయడం, నకళ్లు ఇవ్వడం, మళ్లీ కట్ట కట్టి పెట్టడం, ఇదే నా పని. నాలుగైదుసార్లు సర్వేయరుగారి వెంట పొలాలకు వెళ్లాను. కాగితం మీద రాయి గుర్తు ఉంటుంది. అరవైఆరు అడుగుల గొలుసు పరిచి, వంద లింకుల లెక్క కట్టి, "ఇక్కడే ఉండాలి" అంటారు సర్వేయరుగారు. ఉండదు. ముళ్లకంప కొట్టి, గడ్డపారతో పొడిచి చూస్తే రెండు గజాల అవతల మట్టిలో టంగుమంటుంది. కాగితం రాయి దగ్గరికి తీసుకువెళుతుంది. రాయిని చూపించేది మాత్రం ఊళ్లో ఉన్న ముసలి రైతు.

ఈ ఆటలోనూ అంతే. మా శ్రీనగర్ కాలనీ 17 డిగ్రీల 25 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం ప్రాంతంలో ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేలమీద సుమారు 1,850 మీటర్లు. ఆటగాళ్లు ఆ నిమిషాన్ని వెయ్యి భాగాలు చేసి చెబుతారు. అంటే ఒక భాగం రెండు మీటర్ల లోపు. లెక్క అంత సన్నదైనా ఫోను అంత సన్నంగా చూపలేదు. ఆకాశం బాగా కనబడేచోట నాలుగైదు మీటర్లు, చెట్ల కిందా మేడల నడుమా అంతకంటె ఎక్కువా తేడా వస్తుంది. అక్కడినుంచి కళ్లు, చేతులు, బుర్ర పనిచేయాలి.

నాకీ సంగతి తెలిసింది 2016లో. మా అబ్బాయి సియాటిల్ దగ్గర రెడ్మండ్‌లో ఉంటాడు. ఈ ఆటకు ప్రపంచమంతటి లెక్కలూ చూసే సంస్థ సియాటిల్ నగరంలోనే ఉంది. మేమిద్దరం ఆ వేసవికి వెళ్లాం. సమ్మామిష్ నది ఒడ్డున నడిచే బాట ఉంది. ఒక ఆదివారం అబ్బాయి, కోడలు, ఎనిమిదేళ్ల మనవడు, నేను ఒక బల్ల చుట్టూ అరగంట వెతికాం. గడ్డిలో చూశాం, చెట్టు తొర్రలో చూశాం. మా ఆవిడ మోకాలి నొప్పితో ఆ బల్ల మీదే కూర్చుని మమ్మల్ని చూస్తోంది. కాసేపటికి "ఏమండీ, ఇదేనా?" అంది. కూర్చున్న బల్ల అడుగుభాగంలో చెయ్యి పెట్టి, అయస్కాంతంతో అంటుకుని ఉన్న అగ్గిపెట్టెంత ఇనుప డబ్బీ ఊడదీసింది. నలభై ఏళ్లుగా బీరువా తాళంచెవి నా కంట పడకుండా దాచిన మనిషి ఆవిడ. దాచేవాళ్ల చెయ్యి ఎక్కడికి పోతుందో ఆవిడకు తెలుసు.

డబ్బీలో చుట్టిన సన్నటి కాగితం ఉంది. అందరూ ఒక్కో గీతలో పొడి అక్షరాలు వేసి ఊరుకున్నారు. మా ఆవిడ తన పేరు, ఇంటి పేరు, కింద "శ్రీనగర్ కాలనీ, హైదరాబాదు" అని తెలుగులో గుండ్రంగా రాసింది. నాలుగు వరసలు పట్టింది. "నాయనమ్మా, చోటంతా నువ్వే తీసుకున్నావు" అని మా వాడు గోల పెట్టాడు.

2018 ఎండాకాలంలో వాళ్లు ఇక్కడికి వచ్చారు. మన ఊళ్లో కూడా ఒకటి దాచాలని మా వాడి పట్టుదల. ముందు ఉత్తరోత్తరా చిక్కు ఒకటి వచ్చింది. సెలవులకు వచ్చినవాళ్లు దాచి వెళ్లిపోవడానికి సంస్థవారు సాధారణంగా ఒప్పుకోరట. డబ్బా తడిసినా, కాగితం నిండినా చూసుకునే మనిషి దగ్గరలో ఉండాలట. ఆ మనిషిని నేనవుతానన్నాను. కెమెరా ఫిల్మ్ వచ్చే ప్లాస్టిక్ డబ్బీని ఈ ఆటలో చాలామంది వాడతారట. సినిమా వాళ్ల ఆఫీసులు ఇన్ని ఉన్న పేటలో కాపురం ఉంటూ ఒక్క ఫిల్మ్ డబ్బీ సంపాదించలేకపోయాను. ఆ రోజులు పోయాయి. చివరికి కోడలి టిఫిను డబ్బా తీసుకుని, చుట్టూ నల్ల టేపు చుట్టి, కనబడకుండా ఉండాలని, దగ్గరలోని పార్కు ప్రహరీ సందులో పెట్టాం. ఎవరి అనుమతీ అడగలేదు. ముప్పైఅయిదేళ్లు సర్కారు నౌకరీ చేసినవాడిని, దరఖాస్తు పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

రెండు గంటలు గడవలేదు, పార్కు దగ్గర జనం మూగారు. తోటమాలి చూశాడట. ఎవరో పోలీసులకు ఫోను చేశారు. నల్ల టేపు చుట్టిన డబ్బా! 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో ఏం జరిగిందో ఈ ఊళ్లో ఎవరు మరిచిపోతారు? 2013లో దిల్‌సుఖ్‌నగర్ సంగతి సరేసరి. నేను గబగబా వెళ్లి, చేతులు జోడించి, "అయ్యా, ఆ డబ్బా మాది" అన్నాను. ఎస్సైగారు మా అబ్బాయికంటె చిన్నవాడు. "పెద్దవారు, మీకు తెలియదా?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువైంది. తిట్టినా బాగుండేది.

మా వాడి చేతే డబ్బా విప్పించారు. నాలుగు గోళీలు, ఒక ఏనుగు బొమ్మ, పెన్సిలు, నోటు పుస్తకం. పుస్తకంలో సంతకం చేయమని వీడు ఎస్సైగారిని అడిగాడు. ఆయన చేయలేదు. పెన్సిలు వేళ్ల మధ్య ఒకసారి తిప్పి తిరిగి ఇచ్చేశారు. జనంలో ఎవరో "గుప్తనిధులేమో అనుకున్నాం" అంటే నవ్వులు మొదలయ్యాయి. గుప్తనిధుల చట్టం నాకు తెలుసు. భూమిలో పది రూపాయలకు మించిన విలువగలది దొరికితే కలెక్టరుగారికి తెలియపరచాలని 1878 నాటి చట్టం. మా సామాను అన్నీ కలిపి పది రూపాయలు చేయదు, డబ్బా ఖరీదు వదిలేస్తే.

ఇంటికి వచ్చాక వీడు అన్నం తినలేదు. "తాతయ్యా, మనం ఏం తప్పు చేశాం? ఎందుకు దణ్ణం పెట్టావు?" అని అడిగాడు. పదేళ్ల పిల్లవాడికి 2007 గురించి చెప్పాలా వద్దా అని కొంతసేపు ఆలోచించి, చెప్పాను. చాట్ తినడానికి వెళ్లినవాళ్లు ఇంటికి రాలేదని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత తనే ఫోనులో వెతికి, 2011లో ఇంగ్లాండులో వెదర్‌బీ అనే ఊళ్లో ఇలాంటి డబ్బానే బాంబు అనుకుని సైనిక నిపుణులు పేల్చేశారని చూపించాడు. ఆ తరవాత అక్కడ స్పష్టంగా పేరు రాయాలని, అనుమతి తీసుకోవాలని గట్టిగా చెబుతున్నారట. నల్ల టేపు వాడే పీకేశాడు.

మర్నాడు కె.బి.ఆర్. పార్కులో దాద్దామన్నాడు. వద్దన్నాను. అది 1998 నుంచి జాతీయ ఉద్యానవనం. నెమళ్లు తిరిగే చోట ప్లాస్టిక్ డబ్బా పెట్టి రావడం న్యాయం కాదు. అయితే డబ్బా అక్కర్లేని ఆట కూడా ఒకటుందట, ఎర్త్‌కేష్ అని. 2004లో మొదలైంది. ఒక చోటికి వెళ్లి అక్కడి నేలను, రాతిని చూసి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. మేం సొంతంగా ఆడుకున్నాం. ఆ గుండ్లు గుండ్రంగా ఎందుకున్నాయన్నది నా ప్రశ్న. ఎవరో దొర్లించారన్నాడు. పగుళ్లలో నీరు దిగి, మూలలు ముందు అరిగి, ఉల్లిపొరల్లా ఊడిపోతాయని చెప్పాను. ఈ హైదరాబాదు రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాడు ఆ రాతిని చేత్తో నిమిరి చూశాడు. జూబిలీహిల్స్‌లో మేడల కోసం అలాంటివెన్ని పేల్చారో నేను చెప్పలేదు.

తుదకు మా అపార్టుమెంటు కమిటీకి దరఖాస్తు ఇచ్చి, తీర్మానం రాయించి, వెనకవైపు వేపచెట్టు ఉన్న ప్రహరీ దగ్గర డబ్బా పెట్టాం. లోపలిది కనబడే గాజురంగు ప్లాస్టిక్కు, పైన తెలుగులో "ఇది పిల్లల ఆట డబ్బా" అని, మా ఫ్లాటు నంబరు. అపార్టుమెంటు లోపలికి ఊరివాళ్లందరినీ రానివ్వరు గనుక దీన్ని బయట ప్రకటించలేదు. కాలనీ పిల్లల వరకే. వాళ్లందరికీ ఫోన్లు లేవు, ఉండనక్కర్లేదు కూడా. వాళ్లకోసం నేను పాత అలవాటుకొద్దీ పటం గీశాను. పంపుసెట్టు గది మూలనుంచి వేపచెట్టుకు ఆధార రేఖ, దానిమీద ఇన్ని మీటర్లు, అక్కడినుంచి ఎడమకు ఇన్ని మీటర్లు. నెలకోసారి చోటు మారుస్తాను, కొత్త పటం గీస్తాను. టేపు వదులుగా పట్టుకున్నవాడు ప్రతిసారీ పూలకుండీలో వెతుకుతాడు. మా ఆవిడ నియమం లెక్కచేయకుండా మామిడి తాండ్ర ముక్కలు పెట్టేది. చీమలు పట్టాయి. పిల్లలు చీమలు దులుపుకుని తిన్నారు.

2021లో ఆవిడ పోయింది.

2023లో మా అబ్బాయి బలవంతం మీద మళ్లీ రెడ్మండ్ వెళ్లాను. మనవడు నాకంటె ఎత్తు పెరిగాడు. నేను అడగకుండానే ఆ బల్ల దగ్గరికి తీసుకువెళ్లాడు. డబ్బీ ఉంది. అందులో కాగితం మాత్రం కొత్తది. నిండిపోతే మారుస్తారని నాకు తెలిసిన విషయమే, అయినా కాళ్లలో సత్తువ పోయినట్టయి ఆ బల్ల మీదే కూర్చున్నాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో వందేళ్ల టిప్పన్లు చెదలు తినేశాయి. నేనే రాసి పెట్టిన నోటుకు జవాబు రాలేదు. ముష్టి కాగితం చుట్ట ఎవరు దాస్తారు?

మా వాడు ఆ డబ్బీ పెట్టిన మనిషికి ఉత్తరం రాశాడు. నాలుగో రోజున జవాబు వచ్చింది. ఆయనా ఉద్యోగం విరమించినవాడేనట. నిండిన చుట్టలన్నీ తేదీలు వేసి ఒక సొరుగులో ఉంచాడట. 2016 చుట్ట విప్పి ఫొటో తీసి పంపాడు. నాలుగు వరసల గుండ్రటి అక్షరాలు. అది ఏ భాష అని ఇన్నాళ్లూ అనుకుంటున్నానని కూడా రాశాడు. అసలు కాగితమే అడుగుదామన్నాడు మా అబ్బాయి. నేను వద్దన్నాను. రికార్డు రికార్డు గదిలోనే ఉండాలి. మనకు నకలు చాలు.

ఇక్కడి డబ్బాలో ఇప్పటికి మూడు పుస్తకాలు నిండాయి. వరస నంబర్లు వేసి, బీరువాలో పెట్టాను. మొదటి పుస్తకంలో తాండ్ర మరక ఉంది.

సభ్యుల్లో ఎవరికైనా మనవలతో వచ్చి చూడాలని ఉంటే, ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం నేను ఇంటిదగ్గరే ఉంటాను. కళ్లజోడు తెచ్చుకోండి. ముందురోజు ఒక్క ఫోను చేయండి, వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాలి. సెలవు.