పాత మోటారు సైకిలు: నూనె నడక, ఊపిరి త్రోవ



అల్లూరు మొదలు మైపాడు, కృష్ణపట్నముల వఱకు గల మన తీరగ్రామములలో, తండ్రి కొనిన మోటారు సైకిలును కుమారుడును, అటుపిమ్మట మనుమడును నడపుచుండుట నేటికిని కననగును. అట్టి పాత బండ్లలో పేరుపడినది ఎన్‌ఫీల్డు బుల్లెట్టు. ఇంగ్లండునందలి రెడ్డిచ్ పట్టణపు కంపెనీవారును, మదరాసు మోటార్సు వారును కలసి 1955వ సంవత్సరమున ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీని నెలకొల్పిరి. మదరాసునకు ఉత్తరమున, తిరువొత్తియూరులో దాని కర్మాగారము వెలసినది. ఆనాటి యినుప బోరు ఇంజనులు ఇపుడు తయారగుట లేదు. ఉన్నవానిని కాపాడుకొనవలసినదే గాని, చెడగొట్టుకొనిన మరల దొరకవు.

ఈ బండ్లకు తఱచుగా వచ్చు జబ్బు నూనె కారుట. నూనె కారుట చూచినంతనే "ప్రెషరు ఎక్కువైనది" అందురు. ఏ ప్రెషరు అని అడుగువారు అరుదు. ఇంజనులో ఒత్తిడులు రెండు కలవు. ఒకటి నూనెది, రెండవది గాలిది. మొదటిది ఉండవలసినది, రెండవది నిలువకూడనిది. ఈ రెంటిని ఒకటిగా నెంచుటచేత ధనము వ్యర్థమగుచున్నది. బాగుగా నున్న ఇంజనులు గూడ పాడగుచున్నవి. ఈ భేదమును తెలుపుటయే నా ప్రసంగమునకు ప్రయోజనము.

ముందుగా నూనె సంగతి. రాజదూతు, యెజ్డీ వంటి బండ్లలో నూనెను పెట్రోలుతో కలిపి పోయుదురు. అది పెట్రోలుతోడనే లోపలికి పోయి కాలిపోవును. బుల్లెట్టు అట్టిది కాదు. దాని క్రాంకు గదిని ఆనుకొని, అదే పోతలో, నూనెతొట్టి యొకటి కలదు. రమారమి రెండు లీటర్ల నూనె అందు నిలుచును. పంపులు రెండు. ఒకటి తొట్టినుండి నూనెను తోడి, వడపోత గుండ దాటించి, క్రాంకునకును కనెక్టింగు రాడ్డునకును కీలైన బిగ్ ఎండునకు పంపును. అచట పని ముగించి క్రిందికి జారిన నూనెను రెండవ పంపు తోడి మరల తొట్టికి చేర్చును.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. పెన్న క్రింది మాగాణిలో మొదటిది పంటకాలువ, రెండవది మురుగుకాలువ. పంటకాలువ పూడినచో పైరు ఎండును. మురుగుకాలువ పూడినచో పైరు కుళ్లును. ఇంజనునకును అంతే. నూనె అందనిచో బిగ్ ఎండు కాలిపోవును. వాడిన నూనె తిరిగి తొట్టికి చేరనిచో క్రాంకు గది చెరువగును.

మఱి ఒత్తిడి మాట? కాలువనీరు మడిలో ప్రాకునపుడు దాని ఒత్తిడి యెంత? చాల స్వల్పము. అయినను పైరు పండును. ఏలయన నీరు ఎడతెగక అందుచున్నది. ఒత్తిడి యనునది పారుదలకు ఎదురగు అడ్డునుండి పుట్టునది. నూనె చల్లగా, చిక్కగా నున్నపుడు ఇరుకు సందులలో దూరలేక ఒత్తిడి హెచ్చును. కాగి పలుచనైనపుడు తగ్గును. బుల్లెట్టు క్రాంకు గుండ్ల బేరింగుల మీద తిరుగును. వానికి కొలదిపాటి నూనె చాలును. కావుననే సాధారణముగా ఈ బండ్లకు నూనె మీటరు అమర్చలేదు. కొందరు మీటరు తగిలించి, ఇంజను వేడెక్కగానే ముల్లు దిగెనని భయపడి, మిక్కిలి చిక్కని నూనె పోయుదురు. ముల్లు లేచును గాని, ఉదయమున చల్లని ఇంజనును త్రొక్కినపుడు ఆ నూనె కీళ్లకు ఆలస్యముగా చేరును. 20డబ్ల్యు-50 అని వ్రాసియుండు నూనె ఈ పాత ఇంజనులకు తగినది. ముల్లెంత లేచెనని గాక, నూనె నడచుచున్నదా యని విచారింపవలెను.

నూనె దారిలో రెండు తావులు ఎఱుగదగినవి. ఒకటి క్రాంకు కొనయొద్ద నుండు బెండుముద్ర. కదలని మూతనుండి తిరుగుచున్న క్రాంకులోనికి నూనె దూరునది అచటనే. అది అరిగినచో పంపు తోడిన నూనె బిగ్ ఎండునకు పోక ప్రక్కదారిని జారిపోవును. చూచుటకు చిన్నది, వెల స్వల్పము. కాని దానిని మార్చని లోపమునకు ఇంజనంతయు విప్పవలసి వచ్చును. ఆ మూత తెఱచినపుడెల్ల దానిని మార్పించుట మేలు. రెండవది వడపోత. దానిని మార్చినపుడు ఆ గదిని నూనెతో నింపియే మూయవలెను. ఖాళీగా మూసినచో, అది నిండువఱకు బిగ్ ఎండునకు పస్తు తప్పదు.

ఇక గాలి సంగతి. 350 బుల్లెట్టు బోరు అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు. పిస్టను నడక 90. పిస్టను ఒకమారు దిగినపుడు 346 ఘన సెంటీమీటర్ల గాలి, అనగా లీటరులో మూడవ వంతునకు పైగా, క్రింది గదిలోనికి నెట్టబడును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఈ త్రోపు సెకండునకు 50 మారులు జరుగును. ఆ గాలి వెలుపలికి పోవుటకు ఏర్పఱచిన ముక్కే బ్రీదరు. పాత బండ్లకు అందు బాతుముక్కు వంటి రబ్బరు ఉండును; తరువాతి వానికి గాలినుండి నూనెను వేఱుచేయు చిన్న డబ్బాయు చేర్చిరి.

కమ్మరి కొలిమితిత్తి నెఱిగినవారికి ఈ రబ్బరు పని సులభముగా బోధపడును. తిత్తిలోని తోలురెక్క గాలిని ఒకవైపే పోనిచ్చును. ఈ రబ్బరును అట్లే పిస్టను దిగునపుడు తెఱచుకొని గాలిని వదలును, లేచునపుడు మూసుకొనును. అందుచే లోపల గాలి పలుచబడి, వెలుపలి గాలియే అతుకులను లోనికి అదిమి పట్టును. నూనె లోపలనే నిలుచును. ప్రాణాయామమున పూరక, కుంభక, రేచకములని మూడు గలవు. ఈ యింజనునకు కావలసినది రేచకమొక్కటే. రబ్బరు ఎండి నోరు తెఱచి యుండెనా, పూరకము సాగి మన చెఱువుకట్టల దుమ్మును ఉప్పుగాలిని లోనికి పీల్చును. గొట్టము పూడెనా, కుంభకము పట్టి ప్రతి అతుకునుండియు నూనె చిమ్మును.

గొట్టమునుండి నూనె చుక్కలు పడుచున్నవని చీలగొట్టి మూయువారును కలరు. అంతకు మించిన అపకారము లేదు. రోగి దగ్గుచున్నాడని నోరు మూయుట వంటిది ఆ వైద్యము. కారిన నూనె వెనుక చక్రము టైరు మీద పడినచో బండి జారును; ఎక్కినవారి ప్రాణములకే ముప్పు.

మన తీరమున ఈ ముక్కు పూడుటకు వేఱొక హేతువు కలదు. ఒక లీటరు పెట్రోలు కాలునపుడు ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. అది మిక్కిలిగా పొగగొట్టమునుండి పోవును. కొంచెము రింగుల సందున క్రిందికి దిగును. ఇంటినుండి రొయ్యలచెఱువునకు, చెఱువునుండి ఇంటికి తిరుగు బండి ఇంజను తగినంత కాగదు. ఆవిరి నీరై నూనెతో చిలుకబడి, పెరుగువలె గొట్టములో పేరుకొనును. వానకాలమున ఇది హెచ్చు. కావున వారమున కొకమారైన ఇంజను బాగుగా కాగునంత దూరము నడపవలెను. వరదనీట మునిగిన బండిని త్రొక్కి చూడరాదు. నూనె తీసి చూచి, అది పాలవలె నున్నచో ముందు దానిని మార్పింపవలెను.

ఇపుడు ఒక గృహస్థు బండి నెల దినములు కదలక యుండెననుకొందము. పంపు బిళ్లల సందున తొట్టిలోని నూనె క్రాంకు గదిలోనికి దిగిపోవును. అతడు కొలపుల్ల చూచి, నూనె తగ్గెనని మఱియొక లీటరు పోయును. త్రొక్కగానే తెల్లని పొగ, గొట్టమునుండి నూనెధార. బోరు అరిగినదని యెవరో చెప్పగా, ఇంజను విప్పించి వేల రూపాయలు వెచ్చించును. బోరు బాగుగనే యుండెను. జబ్బు పంపు బిళ్లలలో నున్నది. నునుపైన గాజుపలక మీద మెత్తని పొడితో వానిని సమముగా ఆరగదీయించిన సరిపోయెడిది.

కావున పరీక్షకు ఒక వరుస పాటింపుడు. మొదట ఇంజనును ఐదు నిమిషములు నడిపి, ఆపి, అటుపై నూనె కొలువుడు. నిలిచియున్న బండిలో కొలత నమ్మదగినది కాదు. రెండవది, ఇంజను నడచుచుండగా పైనున్న రాకర్లకు పోవు సన్నని గొట్టపు బోల్టును కొంచెము వదులు చేసి చూడుడు, నూనె ఊరవలెను. పంపులు పనిచేయుచున్నవని ఇందువలన తెలియును. బెండుముద్ర బాగున్నదని మాత్రము తెలియదు. మూడవది, బ్రీదరు గొట్టము ఊడదీసి కిరసనాయిలుతో కడిగి, రబ్బరు మెత్తగా నున్నదో లేదో, గాలి ఒకవైపే పోవుచున్నదో లేదో చూడుడు. గొట్టము ఎచటను నలిగి మడత పడరాదు. ఇవియన్నియు సరిగా నుండియు, కాగిన ఇంజను గొట్టమునుండి పొయ్యిగొట్టమువలె ఎడతెగక పొగ వచ్చినచో, అపుడు రింగులను బోరును అనుమానింపవచ్చును. ఇంజను అడుగున సుత్తితో కొట్టినట్లు మ్రోత వినబడినచో ఆ క్షణముననే ఆపి, బండిని తోయించుకొని ఇంటికి పొండు. ఇల్లు చేరువగనే యున్నదని నడపుదురేని, బిగ్ ఎండు దక్కదు.

మెకానిక్కుల నేర్పును నేను తక్కువ చేయుట లేదు. బండి చూపునపుడు "ప్రెషరు ఎక్కువైనది" అని చెప్పక, నూనె నడచుచున్నదా, గాలి పోవుచున్నదా యని రెండు ప్రశ్నలుగా విడదీసి అడుగుడు. మంచి పనివాడు ఆ ప్రశ్నలకు సంతోషించును. మీ మనుమలకును ఈ రెండు ప్రశ్నలు నేర్పుడు.