అడుగుట తెలిసిన సాయము దొరకును

మా తండ్రిగారి ఛాయాపటము మాకొక్కటే మిగిలినది. దానిపై మరక పడగా, పటమును స్కానుచేయించి, ఆ మరక మాపుటకై గింప్ అను సాఫ్ట్‌వేరును కంప్యూటరులో పెట్టుకొంటిని. 1995లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అను ఇద్దరు విద్యార్థులు దానిని ఆరంభించిరి. దానికి వెల లేదు. వాడువారే ఒకరికొకరు తోడు.

కుంచె ఎంత త్రిప్పినను రంగు పడలేదు. "ఇది పనిచేయుట లేదు, సాయపడుడు" అని అనుభవజ్ఞులకు వ్రాసితిని. ఎవరును బదులు చెప్పలేకపోయిరి. ఒంట్లో బాగులేదని మాత్రమే చెప్పిన రోగికి వైద్యుడు మందెట్లిచ్చును?

మరల వ్రాసితిని: గింప్ ఎన్నవ కూర్పు, ఏ పనిముట్టు పట్టితిని, ఏమి జరుగవలెనని తలచితిని, ఏమి జరిగినది. తెరమీది బొమ్మను గూడ జతపరచితిని. ఒకరు వెంటనే తెలిపిరి: "మునుపు మీరు పటములో ఒక మూలను ఎంపికచేసి మరచితిరి. ఎంపికకు వెలుపల కుంచె అంటదు. కంట్రోలు, షిఫ్టు, 'ఏ' అను మూడు మీటలను కలిపి నొక్కి, ఆ ఎంపికను తొలగింపుడు." అట్లు చేయగా రంగు పడినది.

అసలు పటమును తాకక, నకలుపైననే పనిచేయుడు. పెద్దవయసున అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు. వివరముగా అడిగిన ప్రశ్నలో సగము సమాధానము ఉండును.