పితృఋణము – వంశవృక్షరచన
(మహాసభయందు గావించిన ఉపన్యాసము)



2015వ సంవత్సరమున గోదావరీ పుష్కరములకు మేము రాజమహేంద్రవరమునకు బోయితిమి. పురోహితులు గోత్రమునడిగి, తండ్రి తాత ముత్తాతల నామముల నుచ్చరింపుడనిరి. రెండు పేళ్లు వచ్చినవి, మూడవది రాలేదు. ఆ పేరెరిగిన మా మేనత్తగారు అంతకు రెండేండ్ల క్రిందటనే స్వర్గస్థులైరి. నదీజలమున నిలిచి తలవంచుకొంటిమి. ఈ సభలో ఇట్టి అనుభవము కలవారు మరికొందఱుందురని తలంచుచున్నాము.

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో మనుజుడు పుట్టునని పెద్దలందురు. తర్పణము విడుచుటకు పేరు కావలెను గదా! కావున పేళ్లను నిలుపుకొనుటయు ధర్మములోని భాగమే యని మా విన్నపము.

పూర్వము ఈ భారమును భట్రాజులును, గ్రామకరణములును, తీర్థపురోహితులును వహించిరి. హరిద్వారమున పండాలు తమ బహీలలో యాత్రికుల వంశక్రమమును తరతరములుగా వ్రాసియుంచిరి. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి సోదరుల సాహాయ్యమున గ్రామకైఫియతులను సేకరింపగా, తరువాత సి. పి. బ్రౌను వానికి నకళ్లు వ్రాయించెను. తాటియాకు చెదలుపాలైనను, కాగితము చివికినను, నకలున్నచో విషయము బ్రదుకును.

అమెరికాదేశమున యూటా రాష్ట్రమునందలి లేటర్ డే సెయింట్స్ అను క్రైస్తవశాఖవారు పూర్వికుల పేళ్లను వెదకి, వారికొఱకు దేవాలయమున సంస్కారములు జరుపుట మతధర్మముగా నెంచుదురు. అందులకై 1894లో ఒక వంశచరిత్రసంఘమును స్థాపించిరి. 1938లో పాతపత్రములను మైక్రోఫిల్ములకెక్కింప నారంభించిరి. అట్లు చేర్చిన ఇరువదినాలుగు లక్షల చుట్టలను అంకరూపమునకు మార్చు పని 2021లో ముగిసెను. హరిద్వారపు బహీలలో కొన్నియు ఆ భాండాగారమును చేరినవి. వారి మతము వేఱు, మన మతము వేఱు. పూర్వికులయందలి శ్రద్ధ యొక్కటియే.

అంతటి పని మనకేల సాధ్యమగునని శంకింపవలదు. నేడు ప్రతియింట సెల్‌ఫోనున్నది. దానితో పాతదస్తావేజులను, శుభలేఖలను, తాళపత్రములను ఛాయాచిత్రములు దీయవచ్చును. వృద్ధుల మాటలను వారి కంఠస్వరముతోనే భద్రపఱుపవచ్చును. ఎవరు, ఎచట, ఏ దినమున చెప్పిరో వెంటనే వ్రాసికొనవలెను. ప్రతులను రెండు మూడు చోట్ల నుంచవలెను, యంత్రమును చెడునదియే.

మూడు హెచ్చరికలు మాత్రము చేయుదుము. మొదటిది: విన్నదానిని విన్నదిగను, పత్రమున గన్నదానిని గన్నదిగను వ్రాయవలెను. గొప్పకై రాజులను, మంత్రులను వంశమున జొప్పించుట పితృదేవతలకు ద్రోహము. రెండవది: స్త్రీల పేళ్లను విడువరాదు. తర్పణమున తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు గలరుగాని మన వంశవృక్షములలో వారికి కొమ్మయే లేదు. మూడవది: జీవించియున్నవారి వివరములను వారి యనుమతిలేక పదుగురిలో బెట్టరాదు.

మా ముత్తాతగారి పేరు తుదకు దొరకినది. దూరబంధువొకరు పాతక్రయపత్రపు ఛాయాచిత్రమును సెల్‌ఫోనున బంపిరి. అందు సాక్షులలో మా తాతగారి పేరును, తండ్రి పేరని మఱియొక పేరును గలవు. ఆ రెండవ పేరు చదువునపుడు మాకు కనులు చెమ్మగిల్లినవి. మేనత్తగారు జీవించియుండగా ఒక్క గడియ ఆమె చెంత గూర్చున్నచో ఆ పేరుతోపాటు ఆయన కథయు దక్కియుండెడిది. ఇప్పుడు పేరు మాత్రమే దక్కినది.

కావున సోదరులారా, సభ ముగిసి యిండ్లకు జేరినంతనే ఇంటిలోని పెద్దవారి చెంత గూర్చుండుడు. మరల పుష్కరములు వచ్చునాటికి మన సంఘమున ముత్తాత పేరెరుగని కుటుంబ ముండకూడదు. పోషకులు గ్రామగ్రామమున ఈ కార్యమునకు తోడ్పడుదురుగాక యని వేడుచు, సర్వేశ్వరుడు మన సంఘమునకు శ్రేయస్సు గూర్చుగాతయని ప్రార్థించుచు విరమించుచున్నాము.