అన్నయ్యకు వేసిన మార్కులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ఇంజనీరుని. కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. ఆ పని ఒకరోజు మా ఇంట్లోనే పడింది.

ఈ బడిలోనే చదివిన మా అన్నయ్యకు నలభై దాటాక నడక తూలింది, మాట ముద్దయింది. తాగుతున్నాడని ఊరంతా అనుకుంది. నేనూ ఒకసారి దగ్గరికెళ్లి వాసన చూశాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు. చివరకు పరీక్షల్లో తేలింది, అది స్పైనోసెరెబెల్లర్ అటాక్సియా రెండో రకం అని. చిన్నమెదడు క్రమంగా క్షీణించే అరుదైన జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. మా నాన్నగారూ చివర్లో అలాగే నడిచేవారు. ఆ సగం లెక్కలో నేనున్నాను, అన్నయ్య పిల్లలూ ఉన్నారు.

డాక్టరుగారు 'సారా' అనే కొలమానంతో అన్నయ్యను చూశారు. ఐరోపా వైద్యులు 2006లో ప్రచురించినది. నడక, నిలబడటం, కూర్చోవడం, మాట, చేతులూ కాళ్ల కదలికలు కలిపి ఎనిమిది అంశాలు. సున్నా అంటే లోపం లేదు, 40 అంటే అతి తీవ్రం. అన్నయ్యకు 14 వచ్చింది. ఆరు నెలలకు మరో డాక్టరుగారు 12 వేశారు. "తగ్గిందిరా తమ్ముడూ" అన్నాడు అన్నయ్య. నాకు నోట మాట రాలేదు.

చిన్నప్పుడు తుమ్మపాల షుగర్ ఫ్యాక్టరీ కాటా మీద చెరకు బళ్లు తూయడం చూసేవాళ్లం. అక్కడ బరువు చెప్పేది యంత్రం. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మ రంగు చూసి ధర కట్టేది మనిషి కన్ను. సారా ఈ రెండో రకం. అందుకే దాన్ని వాడే ముందు దానికే పరీక్ష పెట్టాలి. ఒకే రోగికి ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తే కలుస్తాయా? కొద్దిరోజులకే మళ్లీ వేస్తే నిలుస్తాయా? జబ్బు ముదిరితే పెరుగుతాయా? సారా వీటిలో బాగానే నెగ్గింది. అయినా ఈ రకం జబ్బులో కంటిచూపు తిప్పడం బాగా మందగిస్తుంది, సారాలో కళ్లకు మార్కులే లేవు.

ఐరోపా రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, ఈ రకంలో ఏడాదికి సగటున పెరిగింది ఒకటిన్నర పాయింట్లే. వేసే చేయి మారితే రెండు పాయింట్లు తేడా వస్తే, ఏడాది జబ్బంతా ఆ తేడాలోనే మునిగిపోతుంది. రేపు మందు వస్తే పనిచేసిందని ఎలా చెబుతాం? అరుదైన జబ్బుకు వేలమంది రోగులు దొరకరు. మనుషులు తక్కువైనకొద్దీ కొలత గట్టిగా ఉండాలి.

ఇప్పుడు అన్నయ్యను ప్రతిసారీ ఒకే డాక్టరుగారికి, ఒకే వేళకు చూపిస్తున్నాం. నడకను వీడియో తీసి దాస్తున్నాను.

చివరిగా ఒక్క మాట. పదిమంది ఒకే మార్కు వేసినంత మాత్రాన అది నిజం కాదు. మా అన్నయ్యకు ఊరంతా కలిసి 'తాగుబోతు' అని ఒకే మార్కు వేశాం. ఒక్కరి లెక్కా తేడా రాలేదు. అందరమూ తప్పే.