గంజాం ఒడ్డున తాబేళ్లు, మన ఈస్టరు లైట్లు

పర్యావరణ పరిశోధన ప్రజలకు ఎలా చేరాలో చెప్పమన్నారు. నేను ఎరిగిన ఒక ఒడ్డు గురించి చెబుతాను.

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. కొన్నేళ్లు అసలు రావు. ఈ సంగతిని 1994లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాకు చెందిన బివాష్ పాండవ్ శాస్త్రలోకానికి తెలియజేశారు. అయితే ఆ ఒడ్డున వలలు లాగే మన తెలుగు జాలర్లకు (ఒడియావాళ్లు నోలియాలంటారు) ఈ తాబేళ్లు కొత్త కాదు. అందుకే ‘కనుగొన్నారు’ అనే మాట దగ్గర నేను కొంచెం తడబడతాను.

ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ నదీముఖం చుట్టూ 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. దాని మీద జరిగిన ఒక సభకు వెళ్లాను. ఒక అధికారి ఇంగ్లీషూ ఒడియా కలిపి గంటసేపు కాగితం చదివాడు. పక్కనున్న ముసలమ్మ నన్ను అడిగింది: “ఏటంతన్నాడు అయ్యగారూ?”

థియాలజీ డిగ్రీ ఉండి కూడా నీళ్లు నమిలాను. చివరికి ఇలా చెప్పాను: “తాబేలు చేప కాదమ్మా. మనలాగే ఊపిరితిత్తులున్నాయి. గాలికోసం పైకి రావాలి. ట్రాలు వలలో చాలాసేపు చిక్కుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది.”

“అది మాకు తెల్దేటి? సచ్చి ఒడ్డుకొత్తే పూడ్సింది మేమే. ఆ పెద్దబోట్లోల్లకి సెప్పమను.”

నిజమే. ట్రాలు వలలో ఇనుప కడ్డీల జాలీ ఒకటి బిగిస్తారు. రొయ్యలు కడ్డీల మధ్య నుంచి వెనక్కి పోతాయి, తాబేలు జాలీకి తగిలి పైనో కిందో ఉన్న ద్వారంలోంచి బయటపడుతుంది. చేపలు కూడా పోతాయని బోటువాళ్ల భయం. ఆ నష్టం తగ్గేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒక నమూనా తయారుచేసింది. బోటు యజమానికి చెప్పవలసింది ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అనే లెక్క. జాలి మీద ప్రసంగం చేస్తే వినడు. నేను చేసి చూశాను.

ఇక మన సంగతి. గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, ఎక్కువగా రాత్రివేళ. వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. చీకటి ఒడ్డున వెలుగంటే సముద్రమే. మనం ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు ఇసుకలో లైట్లు పెడతాం, సరిగ్గా ఆ రోజుల్లోనే. ‘కాంతి కాలుష్యం’ అని సంఘ పెద్దలకు రెండేళ్లు చెప్పాను, ఎవరూ కదల్లేదు. మూడో ఏడు ట్యూబులైటు కింద చచ్చి పడున్న పిల్లల్ని అరచేతిలో పెట్టి చూపించాను. ఆ మరుసటి ఏడు ఆరాధన చీకట్లోనే మొదలైంది, పాటలు నోటికి వచ్చినవాళ్లు పాడారు.

ఆ ముసలమ్మా వచ్చింది. ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుని, “లైట్లు ఆర్పీసినాం గదా. ఏడు నెల్లు ఏట ఆపితే, గవర్నమెంటోలిచ్చిన డబ్బులు కూటికి సరిపోతాయేటి?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను ఒడియాలో రాయించి, ఆమె వేలిముద్ర వేయించి, సభ పెట్టిన ఆఫీసులోనే ఇచ్చాం. ఇంకా ఎదురుచూస్తున్నాం.